తిట్టుకు జవాబు

యోసు, కొరియా
మార్చి 9, 2025

తాతా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అని నాలుగుసార్లు అరిచి అమ్మ చేతికి ఇచ్చేస్తున్నావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. ఒత్తులు తప్పితే భాస్కరరావు మాస్టారికి చూపించకు. అండమాన్లో పుట్టిన పిల్లలకి తెలుగు రాదని మళ్ళీ మొదలుపెడతారు.

కాలేజీలో క్లాసులు అయిపోయాయి. ఇప్పుడు ప్రాక్టికల్. ఊరి చివర, సముద్రం పక్కన ముసలివాళ్ళని చూసుకునే హోమ్ ఉంది, అందులో ఐదు నెలలు. తినిపించడం, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం. జూలై ఆఖరికి హోమ్ డైరెక్టరమ్మ సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉంటేనే పరీక్ష. పరీక్ష పాసైతేనే ఇక్కడ ఉండనిస్తారు. లేకపోతే సామాను సర్దుకోవడమే. ఇంటికి వచ్చి మళ్ళీ జంగ్లీఘాట్ బట్టల షాపులో నిలబడాలి, అది నా వల్ల కాదు.

పని కష్టంగా లేదు. ఒక్క మనిషే కష్టం. మూడో గదిలో పార్క్ గారని ఒక తాత ఉన్నారు. ఎనభై మూడేళ్ళు. చేపల ఓడల మీద నలభై ఏళ్ళు ఖలాసీలకి పెద్దగా చేశారట. ఇప్పుడు కాళ్ళు పడిపోయాయి. మతి ఒక పూట ఉంటుంది, ఒక పూట ఉండదు. నోరు మాత్రం రెండు పూటలా ఉంటుంది. మొదటి రోజే జావ గిన్నె నా మీదికి విసిరి ఏవేవో తిట్టారు. కాలేజీలో మాకు నేర్పిన కొరియన్లో అందరూ వంగి దండాలు పెట్టుకుంటారు. ఈయన మాట్లాడేదాంట్లో నాకు ఒక్క ముక్క తెలియలేదు. గిన్నె తీసి, నేల తుడిచి, వంగి దండం పెట్టి వచ్చేశాను.

అమ్మకి జావ సంగతి చెప్పకు.

స్వాతి


డాలీగంజ్, పోర్ట్‌బ్లెయర్
మార్చి 30

స్వాతీ,

ఉత్తరం అందింది. మీ అమ్మ కూడా చదివింది. కవరు చింపింది అదే, నేనేం చెయ్యను.

నీ అక్షరాలు ఇసకలో ఎండ్రకాయ నడిచినట్టున్నాయి. నావీ అంతే. నాలుగో క్లాసు దాటనోడికి అంతకంటే రావు. నువ్వు కాలేజీ చదివావు కదే గుంటా.

ఆ పార్కు ఎవడు? నా మనవరాలి మీద జావ విసరడానికి వాడి బాబు సొమ్మేమన్నా తిన్నామా? మీ అమ్మ "పేషెంటు మామయ్యా, మతి లేదు పాపం" అంది. మతి లేనోడికి తిట్లెలా గుర్తున్నాయి? తిట్టు గుర్తుందంటే లోపల మనిషి ఉన్నట్టే.

ఏవేవో తిట్టాడని రాశావు. ఏవేవో అంటే ఏటి? ముప్పై నాలుగేళ్ళు జెట్టీ మీద ఓడ కూలీలకి మేస్త్రీగా, టిండాలు పని చేశాను. అరవైమంది ఖలాసీలు నా నోటికింద బతికారు. తెలుగు, హిందీ, బెంగాలీ, తమిళం, రాంచీవాళ్ళ భాష, ఐదింటిలో తిట్టగలను. అందులో మూడింటిలో అన్నం పెట్టమని అడగడం రాదు. ఏ భాషయినా ముందొచ్చేది తిట్టే. పుస్తకం వాళ్ళకి ఆ సంగతి తెలీదు.

కొరియావాడి తిట్టు నేనెప్పుడూ వినలేదు. అర్థం కనుక్కుని రాయి. ఏడవకుండా రాయి.

మోకాలు నొప్పి అలాగే ఉంది. దాని గురించి అడగొద్దు.

రమణయ్య, మీ తాత


యోసు
ఏప్రిల్ 20

తాతా,

నువ్వు అడిగావు కాబట్టి కనుక్కున్నాను. ఎంత కష్టమైందో నీకు తెలియదు. డిక్షనరీలో సగం లేవు. నాతో ట్రైనింగ్ చేసే కొరియన్ పిల్లని అడిగితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "దీదీ, నువ్వు అలాంటివి అనకూడదు" అంది. దీదీ అనడం నేనే నేర్పాను దానికి. చివరికి హోమ్ వంటింట్లో అంట్లు కడిగే ముసలామె చెప్పింది. డెబ్బై దాటిన మనిషి. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, గిన్నెలు తోముతూ, ఒక్కొక్క మాటా నాచేత పలికించి, తప్పు పలికితే మళ్ళీ అనమని, మా క్లాసు టీచరు కంటే ఓపిగ్గా నేర్పింది.

ఎక్కువగా అనేవి మూడు. "యొంబ్యొంగ్‌హల్" అంటే మహమ్మారి సోకిన. మన "అమ్మోరు ఎత్తుకుపోను" లాంటిది. "బిరొమొగుల్" అంటే ముష్టెత్తుకుని తినే. మూడోది నాకు మాత్రమే, "సొగుల్ న్యొన్." కుళ్ళిపోయేదానా అని. ఇంకోటి ఉంది, షిబల్. దాని అర్థం రాయను, నీకు తెలుస్తుంది.

తెలియనంతవరకూ అవి రేకుల మీద వాన పడ్డట్టు ఉండేవి తాతా. పక్క దులుపుకుంటూ పోయేదాన్ని. ఇప్పుడు ప్రతి చుక్కా తగులుతోంది. నువ్వు అడగకపోతే బాగుండేది. తిడుతున్నది నన్నేనని ఇప్పుడే తెలిసింది. నిన్న స్నానం చేయిస్తుంటే కుళ్ళిపోయేదానా అని పదకొండుసార్లు అన్నారు. మిగతా నర్సులు చెవుల్లో పాటలు పెట్టుకుని ఆ గదిలోకి వెళ్తారు. ఎవరూ ఆయన మొహం చూడరు. చూడకుండా, "అవునండి తాతగారూ, నోరు తెరవండి తాతగారూ" అంటారు.

ఆయన తినడం మానేశారు. నెలలో నాలుగు కిలోలు తగ్గారు. ఆయన కూతురు నెలకో ఆదివారం వస్తుంది. ఆమె వచ్చినప్పుడు తిట్టరు. గోడవైపు తిరిగి పడుకుంటారు. ఆమె అరగంట కూర్చుని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతుంది.

ఈ నెల రిపోర్టులో నా గురించి "పేషెంటుకి తినిపించలేకపోతోంది" అని రాశారు. అలాంటివి మూడు వస్తే సంతకం రాదు.

నీ మోకాలికి అమ్మ నువ్వులనూనె రాస్తోందా?

స్వాతి


డాలీగంజ్
మే 10

స్వాతీ,

మోకాలి గురించి అడగొద్దన్నాను.

ఇది మీ అమ్మ చదవకుండా నేనే పోస్టాఫీసుకి వెళ్ళి అంటిస్తాను. ఇంట్లో మీ నాన్నమ్మ అచ్చమ్మకి తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఇది.

హోల్డంటే ఓడ పొట్ట. పైన నిలబడి చూస్తే లోపలంతా చీకటి. కింద సరుకు కట్టేవాడు పైవాడికి కనపడడు. సరుకు లేపే వించీ గోలలో మామూలు మాట వినపడదు. అందుకని పైనుంచి నేను తిట్టేవాణ్ణి. "ఏరా, ఉన్నావా సచ్చేవా?" అని. కిందనుంచి వాడు నా ఏడు తరాలూ దులిపేవాడు. అది వినపడితేనే నేను చెయ్యెత్తి వించీ తిప్పమనేవాణ్ణి. తిట్టుకి తిట్టు రావాలి. రాకపోతే సరుకు లేపకూడదు. కొత్తగా వచ్చినవాణ్ణి మొదటి రోజు మూడుసార్లు తిట్టేవాణ్ణి. తిరిగి తిట్టనివాణ్ణి హోల్డులోకి దింపేవాణ్ణి కాదు. తిట్టు మింగేసేవాడు కింద పడ్డా నొప్పి మింగేస్తాడు, మనకి తెలీదు.

కన్నారావని ఒకడుండేవాడు. చౌల్దారీ ఊరి మనిషి. నోరంటే వాడిది నోరు. ఒకరోజు కొబ్బరి సరుకు పైకి తీస్తున్నాం. పైనుంచి తిట్టాను. జవాబు లేదు. మళ్ళీ తిట్టాను. లేదు. ఆ పొద్దున్న వాడి పెళ్ళాం ఎదుట ఒక మాటన్నాను, అందుకు అలిగాడనుకున్నాను. అలిగితే అలిగాడులే అని చెయ్యెత్తాను. వాడు అలగలేదు. కొబ్బరి ఉన్న హోల్డులో గాలి చెడి కింద పడున్నాడు. సరుకు ఊగి వాడి మీద పడింది.

బస్. దీని గురించి మళ్ళీ రాయను, అడగొద్దు.

నీ పార్కు ఓడ మనిషి. నలభై ఏళ్ళు తిట్టి జవాబు విన్నవాడు. ఇప్పుడు మంచం మీదనుంచి తిడుతున్నాడు. పైనుంచి ఎవరూ పలకట్లేదు. అందరూ "అవునండి తాతగారూ" అంటున్నారు. వాడికి అదే చావు. నిన్ను తిడుతున్నాడనుకోకు. ఎవరన్నా ఉన్నారా అని చూస్తున్నాడు.

జవాబియ్యి. వాడి భాషలోనే ఇయ్యి. మెత్తగా కాదు. వాడు కుళ్ళిపోమంటే, ముందు తిని తర్వాత నువ్వే కుళ్ళిపో అను. కళ్ళలోకి చూసి అను. నవ్వుతూ అనకు, అది ఎగతాళి. తినకపోతే నా పేరు రమణయ్య కాదు.

తాత


యోసు
జూన్ 1

తాతా,

నీ పేరు రమణయ్యే.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు ధైర్యం చాలలేదు. ఇక్కడ వయసులో పెద్దవాళ్ళతో మాట్లాడే భాషే వేరు. క్రియలన్నీ మారిపోతాయి. "తిను" అనడమే పెద్ద తప్పు, తిట్టడం దాకా వెళ్ళక్కర్లేదు. అంట్ల ముసలామెని అడిగాను. ఆమె పంపు కట్టేసింది. తర్వాత, "నేను నేర్పానని ఎవరికీ చెప్పకు" అని, వాక్యం కట్టి ఇచ్చింది. బాత్రూంలో అద్దం ముందు అనుకున్నాను. పరాయి భాష తిట్టు నోట్లో ఉప్పులేని చారులా ఉంటుంది తాతా. మాట కుదిరినా కోపం కుదరదు. జంగ్లీఘాట్లో ఆటోవాళ్ళని తిట్టేటప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని, ఆ కోపంలో ఈ మాటలు పెట్టాను.

మంగళవారం పొద్దున్న జావ పట్టుకెళ్ళాను. "సొగుల్ న్యొన్" అన్నారు. గిన్నె బల్ల మీద పెట్టి, కళ్ళలోకి చూసి అన్నాను. "మహమ్మారి సోకిన ముసలోడా, తిని కుళ్ళు."

ఆయన నోరు తెరుచుకునే ఉండిపోయింది. నా సంతకం పోయింది, నా వీసా పోయింది అనుకున్నాను. అప్పుడు ఆయన గొంతులో గురగురమంది. దగ్గనుకున్నాను. నవ్వు. పళ్ళు లేని చిగుళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. గిన్నె మొత్తం తిన్నారు. తిన్నాక నా ఉచ్చారణ తప్పని చెప్పి, సరిచేసి, నాచేత రెండుసార్లు అనిపించారు.

ఇప్పుడు రోజూ ఇదే. ఆయన ఒకటంటారు, నేనొకటంటాను, ఒక చెంచా లోపలికి వెళ్తుంది. తలుపు దగ్గరగా వేసుకుంటాను, ఎవరన్నా వస్తే ఆపేస్తాం, దొంగల్లాగా. మతి లేని పూట కూడా దీనికి మాత్రం మతి ఉంటుంది. అప్పుడే ఒక కిలో పెరిగారు. మన "దొంగ సచ్చినోడా" నేర్పాను. "తొంగా సచ్చినోదా" అంటారు. దాన్ని డైరెక్టరమ్మ మీద వాడారు. ఆమె అది మంచి మాటనుకుని వంగి దండం పెట్టింది.

నాకు ఆ మాటలు తగలడం మానేశాయి.

స్వాతి


డాలీగంజ్
జూన్ 22

ఒసే గుంటా,

చదివి ఎంత నవ్వానో, మీ అమ్మ ఆయాసం అనుకుని నీళ్ళు తెచ్చింది.

టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాను. పాత ఖలాసీ జోగులు నమ్మలేదు. నీ ఉత్తరం తీసి చూపించాను. భాస్కరరావు మాస్టారు అక్కడే ఉన్నాడు. "ఆడపిల్లని సముద్రాలు దాటించి బూతులు నేర్పుతున్నావా రమణయ్యా, సిగ్గులేదూ?" అన్నాడు. "మీరు ముప్పై ఏళ్ళు మంచి మాటలు నేర్పారు మాస్టారూ, మీ స్టూడెంటు ఒక్కడన్నా మిమ్మల్ని పలకరిస్తున్నాడా?" అన్నాను. టీ సగంలో వదిలేసి వెళ్ళాడు. రేపు వస్తాడు, ఎక్కడికి పోతాడు.

పార్కుకి నా మాటగా చెప్పు. పోర్ట్‌బ్లెయర్లో రమణయ్య టిండాలని ఒకడున్నాడు, నీకంటే నోరు పెద్దది, దమ్ముంటే వచ్చి హోల్డులో దిగమన్నాడని చెప్పు. ఏమంటాడో రాయి.

తలుపులూ గిలుపులూ వేసుకోవడం ఏటి? దొంగతనమా అది? జెట్టీ మీద పదిమంది ఎదుట తిట్టుకునేవాళ్ళం. తలుపు తీసి తిట్టు.

తాత


డాలీగంజ్
ఆగస్టు 2

స్వాతికి,

ఆరు వారాలైంది. జవాబు లేదు. మీ అమ్మ ఫోన్ చేస్తే "పనిలో ఉన్నా" అని పెట్టేస్తున్నావట. జూలై దాటిపోయింది. సంతకం వచ్చిందో లేదో చెప్పే తీరిక కూడా లేదా?

నాకు తెలుసు. టీ కొట్టులో నీ ఉత్తరం చూపించానని రాశాను, దానికి పౌరుషం వచ్చింది నీకు. నాలుగో క్లాసు ముసలోడి వల్ల పరువు పోయిందని. జావ తాగించడం చేతకాక ఏడుస్తుంటే దారి చెప్పింది ఎవరు? పని అయ్యాక తాత అక్కర్లేదు. మీ నాన్న తిరుమలరావు బుద్ధే నీకూ వచ్చింది. వాడూ అంతే. ఓడ ఉద్యోగం వచ్చేదాకా నాన్నా నాన్నా. వచ్చాక రేవులో దిగి పక్క వీధి నుంచి పోతాడు.

అలిగితే అలుగు. నేనూ రాయను. కాగితాలు మిగులుతాయి.

రమణయ్య


యోసు
ఆగస్టు 4

తాతా,

రాయనందుకు కోపంగా ఉండుంటావు. ఎన్నిసార్లు మొదలుపెట్టానో. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ కవరు నీ పేరు మీదే, నువ్వే చింపు.

జూలై తొమ్మిదిన పార్క్ గారి కూతురు వచ్చింది. ఆదివారం కాదు, బుధవారం. చెప్పకుండా వచ్చింది. తలుపు తీసే ఉంది. నువ్వు తీసి తిట్టమన్నావని కాదు, ఆ రోజు ఉక్కగా ఉంది. ఆమె గుమ్మంలో నిలబడి మొత్తం వింది. ఎనభై మూడేళ్ళ తండ్రిని, మంచం మీద ఉన్నవాణ్ణి, ఇరవై మూడేళ్ళ విదేశీ పిల్ల "మహమ్మారి సోకిన ముసలోడా" అనడం. ఆమె చేతిలో పుచ్చకాయ ఉంది. అది కింద పడింది. ఆమె అరవలేదు. "ఎన్నాళ్ళనుంచి?" అని మాత్రం అడిగింది.

ముసలివాళ్ళని హింసించిందని నా మీద కంప్లైంటు రాశారు. ఆ రోజు నుంచి నన్ను లోపలికి రానివ్వట్లేదు. హాస్టల్లో ఉన్నాను. ఆగస్టు 28న కమిటీ. ఐదుగురు ఉంటారు.

ఎవరు నేర్పారని అడిగారు. ఎవరూ లేరన్నాను.

అంట్ల ముసలామె బస్‌స్టాపులో కలిసి చెప్పింది. నన్ను తీసేశాక ఆయన మూడు రోజులు అందరినీ తిట్టారట. ఎవరూ పలకలేదు. నాలుగో రోజు నుంచి తిట్టడం మానేశారు. తినడమూ మానేశారు. ముక్కులో గొట్టం వేశారు.

డైరెక్టరమ్మ చెడ్డది కాదు. నన్ను పిలిచి తలుపు వేసి చెప్పింది. "నువ్వు విదేశీ పిల్లవి. ఆయన అన్న మాటలు విని, చిలకలా తిరిగి అన్నాను, అర్థం తెలియదు అని కమిటీ ముందు చెప్పు. వాళ్ళు ఒప్పుకుంటారు. నేను సంతకం పెడతాను. అర్థం తెలిసి అన్నానని చెప్పావా, నేనేం చెయ్యలేను. దేశం దాటించేస్తారు."

అర్థం నాకు ప్రతి మాటకీ తెలుసు తాతా. నేను ఇక్కడ కష్టపడి నేర్చుకున్న కొరియన్ అంటూ ఏమన్నా ఉంటే అదొక్కటే. తెలియదు అంటే ఆయనా నేనూ మాట్లాడుకున్నదంతా ఉత్త శబ్దమని ఒప్పుకున్నట్టు. తెలుసు అంటే ఇంటికి రావాలి.

ఏం చెప్పను?

స్వాతి


డాలీగంజ్
ఆగస్టు 23

స్వాతీ,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. ఇది పోస్టులో వేస్తే ఇరవై ఎనిమిదికి అందదు. పక్కింటి రాధిక ఫోన్లో ఫోటో తీసి పంపుతానంది. రాసేదాకా పక్కనే నిలబడింది. మీ అమ్మా నిలబడింది. అన్నీ చెప్పేశాను దానికి. ఏడుస్తోంది. ఏడవనీ.

నేను తిట్టమంటే తిట్టావు సరే, జనం వస్తూ పోతూ ఉండే చోట చూసుకోవాలని నీకు

పై మాట కొట్టేశాను. "కొట్టేసింది కూడా ఫోటోలో కనిపిస్తోంది తాతా" అంది రాధిక. కనిపించనీ. తలుపు తీసి తిట్టమన్నది నేనే. తిట్టమన్నదీ నేనే. మన జెట్టీ అనుకున్నాను ఊరంతా. వాళ్ళకి పెద్దంతరం చిన్నంతరం భాషలోనే ఉందని నువ్వు రాశావు. చదివాను. పట్టించుకోలేదు.

ఆగస్టు రెండున ఒక ఉత్తరం వేశాను. అందితే చింపెయ్. చదవకు. నీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే అలిగావనుకున్నాను. మళ్ళీ అదే అనుకున్నాను.

ఇప్పుడు విను. తెలీదని చెప్పు.

నేను నా బతుకులో ఎవరినీ అబద్ధం ఆడమని చెప్పలేదు. కన్నారావు పోయినప్పుడు విచారణకొచ్చిన ఆఫీసరు, "తాడు తెగిందని రాసుకుంటాను, ఊఁ అను" అన్నాడు. ఊఁ అనలేదు. నేనే చెయ్యెత్తానని చెప్పాను. టిండాలు నుంచి మూడేళ్ళు ఖలాసీకి దింపారు. దిగాను. మీసం మాత్రం దించలేదు.

కానీ అది నా తప్పుకి నేను పడ్డది. ఇది నా తప్పుకి నువ్వు పడేది. నువ్వెందుకు పడాలి? తెలీదని చెప్పు. చిలకనని చెప్పు. తాత ఎలుగుబంటని చెప్పు. ఏం చెప్పమంటే అది చెప్పి సంతకం తెచ్చుకో. పార్కు ఓడ మనిషి. వాడికి తర్వాత నువ్వు చెవిలో చెప్పుకోవచ్చు. నవ్వుతాడు.

మీ అమ్మ కూడా ఇదే అంటోంది. మీ నాన్న నాన్‌కౌరీ ఓడ మీద ఉన్నాడు, సిగ్నల్ లేదు. వాడినీ అడిగినట్టే అనుకో.

చెప్పు. వెనకాడకు.

తాత


యోసు
ఆగస్టు 29

తాతా,

నిన్న పొద్దున్న నీ రెండో తారీఖు ఉత్తరం అందింది. చింపమన్న మాట ముందే చదివాను, అయినా ఇది విప్పాను. తర్వాత ఫోన్లో నీ ఫోటో మళ్ళీ చదివాను. ఒకదాంట్లో నాన్న బుద్ధి వచ్చిందని ఉంది, ఒకదాంట్లో వెనకాడకు అని ఉంది. రెండూ సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

పార్క్ గారు ఇరవై ఒకటో తారీఖున పోయారు. నాకు నిన్న ఆ గది బయట, బెంచీ మీద కూర్చున్నప్పుడు తెలిసింది. ఆయన కూతురు నల్లబట్టల్లో, జుట్టుకి తెల్ల రిబ్బన్ పిన్ను పెట్టుకుని వచ్చింది. ఇక్కడ చావు ఇంటి గుర్తు అది, చూస్తే అడగక్కర్లేదు.

చెప్పాను తాతా. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. విన్న మాటలు విన్నట్టు అన్నాను, అర్థం తెలియదు అని. నా కొరియన్ మామూలు కంటే తప్పులతో మాట్లాడాను, నమ్మాలని. ఐదుగురూ తలలూపారు. వాళ్ళలో ఒకాయన "పాపం, పిల్ల" అన్నాడు. పదిహేను నిమిషాల్లో అయిపోయింది. డైరెక్టరమ్మ అక్కడే సంతకం పెట్టింది. పరీక్ష అక్టోబర్ 18.

బయట వరండాలో కూతురు ఆగి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. హోమ్ గదుల్లో కెమెరాలు ఉంటాయి. వాటికి బొమ్మే ఉంటుంది, మాట ఉండదు. తండ్రి పోయాక ఆ వీడియోలు ఆమె అడిగి తీసుకుందట. కూర్చుని మే నెల నుంచి అన్నీ చూసిందట. "నాన్న నవ్వుతున్నారు" అంది. "అమ్మ పోయి పన్నెండేళ్ళు. నా ఎదుట ఒక్కసారి నవ్వలేదు. నీ ఎదుట రోజూ నవ్వారు." తర్వాత ఫోన్ తీసి చూపించింది. తొమ్మిదో తారీఖుది కాదు, అంతకు ముందు రోజుది. నేను ఖాళీ గిన్నె పట్టుకుని తలుపు దాకా వెళ్తున్నాను. ఆయన తల ఎత్తి నా వెనక ఏదో అంటున్నారు. నేను తిరిగి చూసి వెళ్ళిపోతున్నాను. "ఇక్కడ ఏమన్నారు? పెదవులు చూసి తెలుసుకుందామని వందసార్లు చూశాను. తెలియట్లేదు. నీకేమన్నా తెలుసా?"

డైరెక్టరమ్మ ఫైలు పట్టుకుని నా పక్కనే ఉంది.

"తెలియదండీ. క్షమించండి" అన్నాను. క్లాసులో నేర్పిన భాషలో, వంగి దండం పెట్టి.

ఆయన అన్నది, "రేపు కూడా రా, కుళ్ళు గుంటా."

ఆమె నాకు దండం పెట్టింది. తన నంబరు కాగితం మీద రాసి ఇచ్చింది. "ఎప్పుడన్నా, ఎవరన్నా ఆ మాటలకి అర్థం చెప్తే, దయచేసి నాకు ఫోన్ చెయ్యి" అంది. ఆ కాగితం నా పర్సులో ఉంది. ఆమెకి చెప్పానంటే కమిటీ ముందు అబద్ధం ఆడినట్టు. ఆమె ఎవరికీ చెప్పదని ఏముంది? చెప్పకపోతే ఆమె ఆ వీడియో చూస్తూనే ఉంటుంది.

నిన్నటి నుంచి నాకు అన్నం దిగట్లేదు. ఏం చెయ్యను తాతా? చెప్పు.

స్వాతి


డాలీగంజ్
సెప్టెంబర్ 19

స్వాతీ,

ఇది పోస్టులోనే వేస్తున్నాను. రాధికని పిలవలేదు. ఇది ఆలస్యంగా అందినా పర్లేదు.

సంతకం వచ్చిందని మీ అమ్మ చౌల్దారీ దాకా ఫోన్లు చేసింది. సిప్పీఘాట్ నుంచి మీ పిన్ని లడ్డూలు పట్టుకొచ్చింది. నాకొకటి చేతిలో పెట్టారు. పట్టుకుని కూర్చున్నాను, చీమలు పట్టాయి.

భాస్కరరావు మాస్టారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పార్కు గారి కూతురి పేరేమిటి?" అన్నాడు. నువ్వు రాయలేదు. నేనూ అడగలేదు ఇన్నాళ్ళూ. ఆవిణ్ణి కూతురు కూతురు అనే అనుకున్నాం.

కన్నారావు పెళ్ళాం ఎరుకమ్మ చౌల్దారీలోనే ఉంది. పోయినవారం వెళ్ళాను. మోకాలు పట్టేసి బస్సు మెట్టు ఎక్కలేకపోతే కండక్టరు చెయ్యిచ్చాడు. వాడు పోయిన పొద్దున్న తన ఎదుట నేనన్న మాట ఆమెకి గుర్తుందేమో అడుగుదామని వెళ్ళాను. అడగలేకపోయాను. ఆమె టీ ఇచ్చింది. "ఎందుకొచ్చేవు టిండాలూ?" అంది. "ఊరికే" అన్నాను. తాగి వచ్చేశాను. ఐదు భాషల్లో నోరున్నవాణ్ణి, ఊరికే అని వచ్చేశాను.

చెప్పు తాతా అని రాశావు. చెప్పను. రెండుసార్లు చెప్పాను నీకు. రెండుసార్లూ నా మాట అక్షరం పొల్లు పోకుండా విన్నావు. మొదటిసారి నీ పని పోయింది. రెండోసారి నీ మాట పోయింది. మూడోసారి చెప్పే మొహం నాకు లేదు.

ఆవిడకి ఫోన్ చేస్తే నువ్వు ఇంటికి రావాల్సి రావచ్చు. వస్తే నేను జెట్టీకొస్తాను, విమానంలో వస్తే ఎయిర్‌పోర్టుకొస్తాను, ఒక్క మాట అడగను. చెయ్యకపోతే పరీక్ష రాస్తావు, పాసవుతావు, ఆ ఊళ్ళో ఉంటావు. అప్పుడూ అడగను. ఏది మంచిదో తెలిసినట్టు ఇన్నాళ్ళూ గట్టిగా రాశాను. నాకు తెలీదు గుంటా. నీలాగా అనడం కాదు. నిజంగా తెలీదు.

రమణయ్య